కారుతుంటే కట్టెయ్యండి

లెక్కల మాస్టారి ఇంట్లో ప్రెషర్ ట్యాంకు పేలి అప్పటికి నాలుగు రోజులు. మెట్ల కింద అరలో తొమ్మిదేళ్ళుగా కిక్కురుమనకుండా పనిచేసిన ట్యాంకు, ఒక ఉదయం ఉన్నట్టుండి అడుగు ఊడదీసుకుని, అర తలుపును పెకలించి నడవా అవతల గోడకి కొట్టింది. మాస్టారి భార్య అంతకు అర నిమిషం ముందే నడవా దాటి వంటింటి గడప తొక్కింది కనుక బతికి బట్టకట్టింది. చెక్క పెచ్చు ఒకటి ఎగిరొచ్చి మోచెయ్యి చీరితే ఏడు కుట్లు పడ్డాయి. ఆ ట్యాంకు బిగించింది మన పానా కోడలు. ఇక చెప్పేదేముంది? వీధిలో నోరున్న ప్రతివాళ్ళూ ఆమె పనితనం మీద తీర్పు చెప్పారు. కుళాయి తిప్పడం తప్ప ఇంకేమీ తెలియనివాళ్ళు అందరికంటే ముందు చెప్పారు.

ఆమె ఆ అరలో తుక్కు ఏరుతూ సేఫ్టీ వాల్వును చేతిలోకి తీసుకున్న చోట పోయిన వారం ఆగాం. ట్యాంకులో ఒత్తిడి హద్దు మీరితే నోరు తెరిచి నీళ్ళు బయటికి వదిలెయ్యడమే ఆ వాల్వు పని. దాని నోటికి ఎవరో ఇత్తడి మూత బిగించారు. అది ఊడకుండా పైన రాగి తీగ కూడా చుట్టారు. ఆ మూత ఆమె పెట్టింది కాదు.

రెండు రోజులు ఆ వాల్వు ఆమె పనిసంచిలోనే తిరిగింది. మావయ్యకి చూపించలేదు. మావయ్య అంటే పెద్దమేస్త్రి. మోకాళ్ళు మొరాయించి ఆయన నిచ్చెన ఎక్కడం మానేశాక, కొడుక్కి ఆ పని మీద మనసు లేకపోతే, కోడలు పానా చేతపట్టింది. పన్నెండేళ్ళ కిందట వీధి వేళాకోళానికి పెట్టిన పేరు పానా కోడలు. ఇప్పుడు అసలు పేరు ఆమే గుర్తుచేసుకోవాలి. “మా కోడలి చెయ్యి పడితే ఇరవై ఏళ్ళు తిరిగి చూసుకోనక్కర్లేదు” అని చెప్పుకు తిరిగే ఆ పెద్దాయన, ట్యాంకు పేలిన రోజు నుంచి సరిగ్గా అన్నం తినడంలేదు. ఆ మూత సంగతి ముందు తనకి తెలియాలని ఆమె పట్టుదల. తెలియకపోతే వీధి మాట అటుంచి, తన చేతి మీద తనకే నమ్మకం పోయేలా ఉంది.

నాలుగో రోజు ఉదయం మాస్టారి ఇంటికి వెళ్ళింది.

మాస్టారు నడవాలో కుర్చీ వేసుకుని, తలుపు తగిలి గోడకి పడ్డ గుంటను స్కేలుతో కొలుస్తున్నారు. ఉద్యోగం వదిలి పదేళ్ళయినా ఆయనకి కొలవనిది ఏదీ మింగుడుపడదు.

“రామ్మా, రా. నాలుగున్నర సెంటీమీటర్లు. ఇటుక దాకా దిగింది” అన్నారు, మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడి గురించి చెబుతున్నట్టు.

“గోడ గుంట కొలిచారు గానీ నా చేతి కుట్లు లెక్కపెట్టారేమో అడుగు” అంది భార్య వంటింట్లోంచి.

“ఏడు” అన్నారు మాస్టారు స్కేలు మీంచి కళ్ళు తిప్పకుండా.

పానా కోడలికి నవ్వు రాలేదు. సంచిలోంచి వాల్వు తీసి బల్ల మీద పెట్టింది.

“మాస్టారూ, ఇది మీ ట్యాంకుదే. దీని నోటికి మూతుంది. నేను పెట్టలేదు. వేరే మేస్త్రి ఎవరైనా వచ్చారా మీ ఇంటికి?”

“ఎవరూ రాలేదే.”

“మరి ఈ మూత?”

“నేనే బిగించానమ్మా.”

దారి పొడుగునా ఆమె గట్టిగా అడగాలనుకున్న ప్రశ్నలన్నీ ఆ ఒక్క జవాబుతో పనికిరాకుండా పోయాయి. దబాయిస్తారనో, బుకాయిస్తారనో అనుకుంది. ఈయన అడిగినదానికి టకీమని ఒప్పేసుకున్నారు.

“మీరా?”

“నేనే. తెల్ల టేపు పదకొండు చుట్లు చుట్టి మరీ బిగించాను. పైన తీగ నా సొంత ఆలోచన. ఎందుకూ, బాగా కుదరలేదా?”

అప్పుడు ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. “కుదరకపోవడమేంటి మాస్టారూ, మరీ బాగా కుదిరింది. అందుకే ట్యాంకు పేలింది” అంది.

భార్య తడి చెయ్యి తువ్వాలుకి తుడుచుకుంటూ నడవాలోకి వచ్చింది. మాస్టారు స్కేలు పక్కన పెట్టారు. ఆ ఇద్దరి మొహాలూ చూశాక పానా కోడలి గొంతు కొంచెం దిగింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ట్యాంకులో రబ్బరు సంచి ఉంటుందమ్మా. సంచిలో నీళ్ళు, చుట్టూ గాలి. మోటారు నీళ్ళు నెడుతుంటే ఆ గాలి నలుగుతుంది. నలిగిన గాలి తిరిగి నెడుతుంది కాబట్టే మీకు మేడ మీద కుళాయి జోరుగా వస్తుంది. సరిపడా నిండగానే మోటారు తనంతట తానే ఆగాలి. ఆపే స్విచ్చి చెడిపోయిందనుకోండి, ఒక్కోసారి ఆగదు, నెడుతూనే ఉంటుంది. అప్పుడు ఈ వాల్వు తెరుచుకుని నీళ్ళు కక్కేస్తుంది. అది కారుతోందంటే వాల్వు చెడినట్టు కావచ్చు, లోపల ఇంకేదో చెడినట్టూ కావచ్చు. మీ ఇంట్లో చెడింది స్విచ్చి. ఆ సంగతి ఇది కారి మరీ చెప్పింది. మీరు దీని నోరు నొక్కేశారు.”

“వట్టి నీళ్ళకే అంత బలమా?” అంది ఆవిడ చేతి కట్టు వైపు చూసుకుంటూ.

“నీళ్ళకి కాదమ్మా. గొట్టం పగిలితే నీళ్ళు కారిపోతాయి, అంతే. నలిపిపెట్టిన గాలి బయటపడితే కొడుతుంది.”

మాస్టారి మొహం పాలిపోయింది. లోపలికి వెళ్ళి ఒక డైరీ తెచ్చారు. పేజీ వెతికి, వేలు పెట్టి, ఆమె ముందుకు జరిపారు.

“నా అంతట నేను చెయ్యలేదమ్మా. ఇంతవరకూ చెప్పలేదంటే ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకి జవాబు రాసే అలవాటు నాకు లేదు.”

ముత్యాల్లాంటి దస్తూరీ. ఆమె చదివింది.

‘ఉ. 9.40. సేఫ్టీ వాల్వు నిమిషమునకు ఇరువదియారు చుక్కలు కారుచున్నది. పెద్దమేస్త్రి గారికి ఫోను. వారి సలహా: కారుతుంటే కట్టెయ్యండి, అమ్మాయి రేపొస్తుంది. ఉ. 11.15. కట్టడమైనది. చుక్క లేదు.’

కింద మర్నాటి తేదీ. ‘అమ్మాయి ఫోను. కారుట ఆగినది, రానక్కరలేదని చెప్పితిని.’

ఆమె రెండోసారి చదివింది. మూడోసారి ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. కట్టెయ్యండి.

వాళ్ళ ఇంట్లో పొద్దున్న లేస్తే అదే మాట. ఫ్యాను కట్టెయ్, లైటు కట్టెయ్, పొయ్యి కట్టెయ్, కుళాయి కట్టెయ్. మావయ్య చెప్పింది మోటారు కట్టెయ్యమని, అంటే ఆపమని. మోటారు అన్న ముక్క ఒక్కటే మింగేశారు. కారేది వాల్వు కనుక మాస్టారు కారేచోటే కట్టారు, దెబ్బకి కట్టు కట్టినట్టు. ఆయన లోటేమీ చెయ్యలేదు. టేపు కూడా ఏడు చుట్లు చాలు, పదకొండు చుట్టారు.

ఆ మర్నాటి ఫోను కూడా ఆమెకి బాగానే గుర్తుంది. చేతిలో రెండు స్నానాలగదుల పని ఉంది, ఊపిరి తీసుకోవడానికి తీరికలేదు. రానక్కర్లేదని మాస్టారు అనగానే, హమ్మయ్య, ఒక పని తప్పింది అనుకుంది. ఎలా ఆగిందని అడగలేదు. కారేది దానంతట అది ఆగదని ఆమెకి తెలియక కాదు. అడిగితే వెళ్ళాల్సొస్తుందని అడగలేదు. ఆ నిజం డైరీలో లేకపోయినా ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుంది.

ఉన్నదున్నట్టు వాళ్ళిద్దరికీ చెప్పింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“అంటే ఆ వాక్యంలో కర్మ లేదన్నమాట. దేన్ని కట్టాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. వాక్యంలో కర్మ లేదని గమనించాల్సింది.”

“కర్మ లేకపోవడమేం, నాకుందిగా” అని ఆవిడ కట్టు కట్టిన చెయ్యి ఎత్తి చూపించింది.

ఈసారి పానా కోడలికి నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కళ్ళ నీళ్ళూ వచ్చాయి. ఆవిడ దగ్గరికొచ్చి మంచి చేత్తో వీపు తట్టింది. “ఊరుకో అమ్మాయ్. నీ తప్పేం లేదని ఈయనే వీధంతా చెబుతారు, తేదీలతో సహా.”

అదే చిక్కు. మాస్టారు డైరీ విప్పితే ఆమె పేరు కడిగిన ముత్యమవుతుంది. ఆ మరక పోయి మావయ్య మీద పడుతుంది. నలభై రెండేళ్ళ పనిలో వేలు పెట్టి చూపించే తప్పు ఒక్కటి లేని మనిషి. ఆమె కన్నతండ్రి కూడా నమ్మని రోజున, ఆడపిల్ల చెయ్యిది కాదు పానా అని ఊరంతా నవ్విన రోజున, పానా తెచ్చి చేతిలో పెట్టినాయన.

“సాయంత్రం దాకా ఎవరికీ చెప్పకండి మాస్టారూ” అని వాల్వు సంచిలో వేసుకుని లేచింది.

తమ కొట్టు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. గోడ పొడుగునా కొలతల ప్రకారం నిలబెట్టిన గొట్టాల పక్కన, ఫోనుకి చెయ్యందేలా స్టూలు వేసుకుని పెద్దమేస్త్రి కూర్చున్నాడు. ఎదురుగా నల్లబల్ల. ఫోనొస్తే ఆయన అక్షరాలు రాయడు, బొమ్మ గీస్తాడు. కుళాయికి కుళాయి, కారితే చుక్క, వాసనొస్తే ముక్కు. ఆ ముక్కు అచ్చం ఆయనదిలాగే ఉంటుంది.

ఆమె వాల్వు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన చూడగానే పోల్చుకున్నాడు, మూతని చూసి నొసలు ముడిచాడు.

“ఎవడమ్మా ఈ బుద్ధిమంతుడు?”

“మాస్టారు. మీరే చెప్పారట.”

“నేనా? నాకేమన్నా మతిపోయిందా, సేఫ్టీ వాల్వుకి మూత పెట్టమని చెప్పడానికి? ఆయన లెక్కలు తప్పి ఉంటాయి.”

“మావయ్యా, కారుతోందని ఎవరైనా ఫోన్ చేస్తే మీరేమంటారు?”

“ఏమంటాను? కట్టెయ్యమంటాను.”

“దేన్ని?”

“దేన్నేంటమ్మా, మో...”

అక్కడ ఆగిపోయాడు. ఆయన వాల్వును అటూ ఇటూ తిప్పి, తీగ చుట్లను బొటనవేలితో మెల్లగా నిమిరాడు.

“ఆ తల్లికి ఏడు కుట్లు. నా నోటి మాటకి” అన్నాడు చివరికి. “పానాతో పని చేసినన్నాళ్ళు ఎక్కడా చుక్క కారనివ్వలేదమ్మా. ఫోనుతో చెయ్యడం మొదలెట్టాను, మనిషి రక్తం కారింది.”

ఆమె నేల మీద ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. కోపం రావాల్సిన చోట జాలి వచ్చింది, జాలి కంటే ఎక్కువగా ప్రేమ వచ్చింది. “నేనూ అడగలేదు మావయ్యా. ఎలా ఆగిందీ అని ఒక్క మాట అడిగుంటే ఇక్కడిదాకా వచ్చేది కాదు. నాకు తీరిక లేక వదిలేశాను.”

“నీది వదిలెయ్. వీధిలో నేనే చెబుతాను. నీ పేరు పోగొట్టి నా పేరు దాచుకునేంత పాపిష్టివాణ్ణి కాదు. ఇవాళే...” అంటూ లేవబోయి, మళ్ళీ చతికిలబడ్డాడు. మోకాళ్ళ వల్ల కాదు. కళ్ళు నల్లబల్ల మీదికి వెళ్ళాయి.

“అమ్మాయ్, నేను మాస్టారొక్కరికే చెప్పలేదే.”

ఆమె కూడా బల్ల వైపు తిరిగింది. బల్ల మీద పాత బొమ్మలు ఎప్పటికప్పుడు తుడిచేస్తారు. కానీ ఆయన బుర్రలో ఏదీ చెరిగిపోదు.

“కారుతోందని ఫోన్ చేసి, మర్నాడు రానక్కర్లేదన్నవాళ్ళు కావాలి మావయ్యా. వాళ్ళు మాత్రమే. బాగా ఆలోచించండి.”

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆయనకి మనుషుల కంటే గొట్టాలు బాగా గుర్తు. “ముప్పావంగుళం గొట్టం, బస్సు డ్రైవరు ఇల్లు. అంగుళం గొట్టం, పళ్ళ డాక్టరు. ఇంకోటి... అదీ అంగుళమే. పసిపిల్లల బడి.”

డ్రైవరు భార్య ఫోనెత్తి, ఆ ట్యాంకు రొద పడలేక తీసేయించి నెల దాటిందని చెప్పింది. పళ్ళ డాక్టరు పెద్దగా నవ్వాడు. “కారేచోట మూసేస్తే లోపల చీము పడుతుందని నాకు తెలియదా మేస్త్రీ? స్విచ్చే మార్పించేశాను” అన్నాడు. పెద్దమేస్త్రి ఫోను పెట్టి రెండు చేతులూ జోడించాడు, దేవుడికో డాక్టరుకో తెలియదు.

మూడో నంబరు పానా కోడలు తనే కలిపింది. ఉద్యోగాలకి వెళ్ళే తల్లులు పిల్లల్ని దింపిపోయే ఇల్లది. పదకొండు మంది పిల్లలు. భోజనాలయ్యాక వెనకగదిలో పడుకోబెడతారు. ఆ గది గోడకి అవతలివైపే ట్యాంకు. ఆ ట్యాంకూ ఆమె బిగించిందే.

“ఎవరూ? మెల్లగా మాట్లాడండి, ఇప్పుడే కళ్ళు మూశారు” అంది ఆయా గొంతు, గుసగుసగా.

“ఆయమ్మా, నేను పానా కోడల్ని. మీ ట్యాంకు దగ్గర వాల్వు కారుతోందని ఫోన్ చేశారు, గుర్తుందా?”

“అదా! ఎప్పుడో ఆగిపోయిందమ్మా. మీ మావయ్యగారు కట్టెయ్యమన్నారుగా. మా తమ్ముడొచ్చి చెక్క బిరడా కొట్టి, మూడు చోట్ల కట్టేశాడు. మళ్ళీ చుక్క కారితే ఒట్టు. వచ్చినవాళ్ళందరికీ మీ మావయ్యగారి గురించే చెబుతున్నాను.”

ఫోనుకి చెవి ఆనించి వింటున్న పెద్దమేస్త్రి గోడకి జారగిలబడ్డాడు.

“మోటారు నడుస్తోందా ఇప్పుడు?” ఆమె గొంతు మామూలుగానే ఉంది. అలా ఎలా ఉందో ఆమెకే తెలియదు.

“నడుస్తోంది. ఇందాక పిల్లలకి చేతులు కడిగిన దగ్గర్నుంచీ ఒకటే రొద. నీళ్ళు మాత్రం భలే జోరుగా ఉన్నాయమ్మా ఇవాళ.”

నాలుక చివరిదాకా వచ్చిన మాటను ఆమె అక్కడే పట్టి ఆపింది. ఆ మాట వద్దు. ఇంకెప్పటికీ వద్దు. ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్పింది. “ఆయమ్మా, జాగ్రత్తగా వినండి. కట్టడం, బిగించడం ఏమీ వద్దు. మోటారుకి కరెంటిచ్చే స్విచ్చి ఉందే, దాన్ని నొక్కి మోటారు ఆపండి. ఆ రొద ఆగిపోవాలి. తర్వాత పిల్లల్ని ముందుగదిలోకి తీసుకురండి. ఏం చెయ్యాలి?”

“స్విచ్చి నొక్కి మోటారు ఆపాలి. అదెంతసేపు, ఉండు” అంది ఆయా. ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

పానా కోడలు ఊపిరి వదిలింది. ఈసారి ఏ ముక్కా మింగలేదు. మెచ్చుకోలు కోసమో ఏమో మావయ్య వైపు చూసింది. ఆయన మెచ్చుకోవడంలేదు.

“అమ్మాయ్, ఆ స్విచ్చి ఎక్కడుంది?”

ఆమె చేత్తో పెట్టిన స్విచ్చి. పిల్లలకి అందకూడదని ఆయా అడిగితే, ట్యాంకు గదిలోనే, ట్యాంకుకి సరిగ్గా పైన పెట్టింది. నొక్కాలంటే ట్యాంకు మీదికి వంగాలి. వీధిగుమ్మం దగ్గర మెయిన్ ఆపితే ఇంటికి మొత్తం కరెంటు పోయేది, ఎవరూ ఆ గదిలోకి వెళ్ళే పనే ఉండేది కాదు. దేన్ని ఆపాలో చెప్పింది, ఎలాగో చెప్పింది. ఎక్కడ ఆపాలో చెప్పలేదు.

“ఆయమ్మా! వెనక్కి రండి! ఆ గదిలోకి వెళ్ళొద్దు! ఆయమ్మా!”

చెప్పుల చప్పుడు దూరమవుతోంది. పెద్దమేస్త్రి గోడ పట్టుకుని లేచి, ఎవరైనా బండి మీద వెళ్ళండంటూ రోడ్డు మీదికి కేకేశాడు. ఫోనులో గొళ్ళెం తీసిన చప్పుడు వినిపించింది. తలుపు తెరుచుకోవడంతో అంతదాకా సన్నగా ఉన్న మోటారు రొద ఒక్కసారిగా పెద్దదైంది.

అంతలో ఫోను దగ్గర ఏదో కదిలింది. ఎవరో దాన్ని బల్ల మీంచి లాగారు. నిద్ర పూర్తిగా తీరని మూడేళ్ళ గొంతు ఒకటి, “ఎవలూ?” అంది.

పానా కోడలు రెండు చేతులతో ఫోను పట్టుకుని, ఆ పసిదానికి అర్థమయ్యే ఒక్క మాట కోసం వెతుక్కుంది.